మీట నొక్కకుండా ఆగిన రోజు

పెందుర్తి,
ఆదివారం.

అన్నయ్యకు, తమ్ముడు అప్పారావు నమస్కారాలతో రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? వదిన, పిల్లలు కులాసాయేనా? ఇక్కడ ఉక్కపోత. పోర్టు దగ్గర ఖనిజం దుమ్ముకి తెల్లచొక్కా సాయంత్రానికి ఎర్రబడుతోంది. హోటలు సాంబారు ఇంకా అలవాటు కాలేదు. గది మాత్రం బాగుంది, బెంగ పెట్టుకోకండి.

ఉద్యోగం సంగతి అడిగావు. మా ఆఫీసు కంప్యూటర్లో అన్నిటినీ నడిపించే అసలు ప్రోగ్రాము ఒకటుంటుంది. దాని లోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. అది పడిపోతే మొత్తం ఆగినట్టే. జీతాల పట్టీలు ఆలస్యమవుతాయని మేము వెంటనే మళ్లీ స్టార్ట్ చేసేవాళ్లం. చేయగానే లోపలి గుర్తులన్నీ చెరిగిపోయేవి, ఎందుకు పడిందో తెలిసేది కాదు. మడిలో కూలబడ్డ ఎద్దు గిట్ట చూడకుండా తోక మెలిపెట్టి లేపినట్టుండేది మా పని.

గుర్తులు లేవు కనుక అప్పుడు మిషను నడిపే సీట్లో ఎవరుంటే వాళ్లదే తప్పు. నాకు ముందు ఆ సీటు పోర్టు పక్క పాత ఊళ్లో ఉండే కరీంది. నాకు పని నేర్పింది అతనే. అతను తప్పు మీటలు నొక్కడం వల్లే మిషను పడుతోందని ఆఫీసరు కాగితం రాయించి, సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. నేను చూసింది లేదు, అయినా పెట్టాను. కరీంని తీసేసి సీటు నాకిచ్చారు. ఈ ముక్క నీకు ఇంతవరకూ రాయలేదు.

కిందటి వారం సీట్లో నేనున్నప్పుడే మిషను పడింది. ఆఫీసరు పరుగున వచ్చాడు.

"ఏటి సూస్తన్నావు? స్టార్ట్ కొట్టు."

"ఆగండి. ముందు లోపలున్నదంతా టేపు మీదికి రాయించాల" అన్నాను.

దానికి వేరే మీట ఉంది. పుస్తకంలోనూ ఉంది. ఎవరూ వాడలేదంతే. అరగంట తిట్లు తిన్నాను. తర్వాత ఇంజనీరు ఆ టేపును కాగితం మీద అచ్చువేసి చూశాడు. ప్రింటరును నడిపే ప్రోగ్రాము మిషను మెమరీలో తనది కాని చోట రాసేస్తోందట. మనిషి తప్పేమీ లేదు.

"పడగానే ఆ మిషనే అంతా రాసేసుకోవాల, తరవాత దానంతటదే లెగాల. మనిసి తొందరకి వొదలకూడదు" అన్నాడాయన. నాకూ అదే సబబనిపించింది.

నేను కరీం మాటెత్తితే ఆఫీసరు, "పాత సంగతెందుకు, నీ సీటు నీకుంది కదా" అన్నాడు.

కరీం ఇప్పుడు వాళ్ల నాన్న తాళాల కొట్లోనే పని చేస్తున్నాడు. మర్నాడు అక్కడికి వెళ్లి అతనికి చెప్పాను. అతను చేతిలోని ఆకురాయి కింద పెట్టాడు.

"అయితే నాను సేసింది కాదేటి బావ? ఇన్నాళ్లూ నా సెయ్యే అనుకున్నాను."

అప్పుడు సంతకం సంగతి కూడా చెప్పాను. అతను టీ తెప్పించాడు. సిగ్గుతో గ్లాసు అలాగే వదిలేసి వచ్చాను.

నిన్న, నా సంతకం అబద్ధమని రాసి, అచ్చుకాగితం జతచేసి ఆఫీసులో ఇచ్చాను. ఉన్నది ఒక్కటే సీటు. అతన్ని పిలిస్తే నేను లేవాలి.

అమ్మకి, వదినకి, మన వీధి పెద్దలకి నా దండాలు. పిల్లలకి ముద్దులు. ఈసారి ఊడుపులకి నన్ను లెక్కేసుకుని ఒక మనిషిని తక్కువ మాట్లాడు.

నీ తమ్ముడు,
అప్పారావు