మూడో కట్టు

జులై 9
ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు. కల్యాణ మండపం మేనేజరు తాళాలు చేతికిచ్చాడు. కుర్చీలు గోడకు నెట్టి, మధ్యలో వల కట్టి, నేనూ మునిరత్నం నాలుగు గంటలు టెన్నిస్ ఆడాం. మద్రాసులో మగవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నీ... ఇండోర్! డబుల్స్‌లో మాకు వైల్డ్ కార్డ్, అర్హత పోటీలు లేకుండానే ప్రవేశం. తిరుపతిలో కప్పు కింద ఆడటానికి ఇంతకంటే చోటెక్కడ?
మునిరత్నానికి ముప్పై మూడు. "ఇదే ఆకరుది అప్పా. పదకొండేండ్లు కలిసి ఆడినాము. ఒక్క పెద్ద మ్యాచ్ గెలిచి మానేస్తా."

జులై 13
గ్రానైట్ నేల. బంతి కోసం దూకాను. ఎడమ మణికట్టు.

జులై 14
పుత్తూరు. నాటు కట్టు వైద్యుడు విరిగిన ఎముక లాగి సరిచేస్తుంటే మునిరత్నం వెనకనుంచి నన్ను వాటేసి పట్టుకున్నాడు. అరిచింది నేను, కన్నీళ్ళు వాడికి. ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు.
"మూడు కట్లు పడాల. పన్నెండు దినాలకొకటి. మూడోది ఇప్పేదాకా బరువు పట్టొద్దు నాయనా."
టోర్నీ ఆగస్టు 11న. అప్పటికి రెండే పూర్తవుతాయి.

జులై 26
రెండో కట్టు. బస్టాండులో మునిరత్నం అన్నాడు — "మద్రాసులో ఒగడు జోడీకి వస్తానంటుండాడు. నీ చెయ్యి కాకుంటే చెప్పబ్బా. కోపమేం లేదు."
చెప్తానన్నాను. చెప్పలేదు. వాడి పక్కన ఇంకొకడా... ఓర్వలేను.

ఆగస్టు 6
వంటింటి కత్తెర. కట్టు నేనే కోసేశాను. చెయ్యి సన్నబడి, నాది కానట్టుంది.
"పుత్తూరోళ్ళే ఇప్పేసినారు. మూడోది అక్కర్లేదంట" అన్నాను. నమ్మాడు. అప్పటికప్పుడే ఎస్‌టీడీ బూత్‌కు పోయి మద్రాసతనికి వద్దని చెప్పేశాడు. నవ్వుతూ బయటికొచ్చాడు. నేనూ నవ్వాను, పాపిష్టివాణ్ణి.

ఆగస్టు 11
మద్రాసు. కప్పు కింద కోర్టు, గాలి లేదు, ఎండ లేదు. సాకు చెప్పడానికి ఏమీ లేదు. సర్వీసుకు ఎడమచేత్తో బంతి పైకి వేస్తే పక్కకు పోతోంది. రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టిన ప్రతిసారీ కళ్ళు చీకట్లు. అవతలివాళ్ళు కనిపెట్టేశారు — అన్నీ నా ఎడమకే. నా బంతులకు కూడా మునిరత్నమే పరుగెత్తాడు. గంటలో అయిపోయింది.
డ్రెస్సింగ్ రూమ్‌లో నా మణికట్టు పట్టుకుని నొక్కాడు. అరిచాను.
"పుత్తూరోళ్ళు ఇప్పినారంటివే..."
అంతే. తిట్టి ఉంటే బాగుండేది. నా బ్యాగు కూడా తనే భుజాన వేసుకుని బస్సు దాకా మోశాడు.

ఆగస్టు 19
మునిరత్నం ఇంటికి వెళ్ళాను. "పండుకోనుండాడన్నా" అంది వాళ్ళావిడ, తలుపు సగం తెరిచి. పొద్దున పదకొండుకి.
మండపంలో పెళ్ళి. మా వల చుట్టి మెట్ల కింద పడేశారు.

ఆగస్టు 24
పుత్తూరు. ఎముక వంకరగా అతుక్కుందట.
"మళ్ళా ఇరిచి కట్టాల. ఒంటిగా ఏం వచ్చినావు? పోయినసారి నిన్ను పట్టుకున్న ఆయప్ప యాడ? పిల్చుకోని రా."
ఎదురుగా ఎస్‌టీడీ బూత్. నంబరు తిప్పాను. మునిరత్నమే ఎత్తాడు.
"ఎవురు?"
రిసీవరు చెవికి అదిమిపెట్టుకున్నాను.
"ఎవురబ్బా?" తర్వాత, మెల్లగా — "చెయ్యి నొస్తా ఉండాదా?"
లేదన్నాను.