రికార్డులలో లేని రిపోర్టు

గురువారం, 19 జూలై 2007

సమాచార హక్కు కింద నేనడిగిన దానికి ఈరోజు జవాబు వచ్చింది. బల్కంపేట నల్లా నీళ్ల పరీక్ష రిపోర్టు "రికార్డులలో లేదు" అట. కింద సమాచార అధికారిగా సంతకం నాన్నది.

కాన్వెంటు చదువు కదా, నా తెలుగు దరఖాస్తులో ఒత్తులు దిద్దింది కూడా ఆయనే.

కింది వాటాలో ఉండే రెహానా ఆంటీకి చదివి వినిపించాను. "మాసబ్ ట్యాంక్‌ల మీ నాయిన ఆఫీసు దాంక కాగితం ఎందుకు పంపినవ్ బేటీ? ఆయన పైననే ఉంటడు గదా!" అంది. ఆ నీళ్లకే కామెర్లు వచ్చి మే నెలలో వాళ్లాయన పోయారు.

నాన్న అన్నం కలుపుతూ చెప్పారు. "రిపోర్టు ఉంది బిడ్డా. బయటవడితే పెద్దసారు నౌకరి పోతది. లేదని రాయమన్నడు, రాసిన."

"ఏప్రిల్‌లనే మమ్మల్ని నీళ్లు కాచుకొని తాగమన్నవ్. కింద ఎందుకు చెప్పలే?"

"జర మజ్జిగ పొయ్యి" అన్నారు.

ఇప్పుడు అప్పీలు ఫారం నింపుతున్నాను. దరఖాస్తుదారు తండ్రి పేరు రాశాను. సమాచారం నిరాకరించిన అధికారి పేరు అడిగిన చోట కూడా అదే రాశాను. పెద్దసారు పేరుకు ఇందులో చోటే లేదు. సంతకం ఇంకా పెట్టలేదు.