పదిహేడో నంబరు పువ్వు

మహబూబాబాద్ జిల్లా అటవీ అధికారి గారి సముఖమునకు, గూడూరు మండలం ఎర్రచెలక తండా నివాసి గుగులోతు దేవ్యా పెట్టుకొను అర్జీ.

విషయం: నా చెలకలో నంబరు వేసిన పువ్వు గురించి.

అయ్యా,

1. గత నెల తమ సిబ్బంది ఇద్దరు, పట్నం నుండి మొక్కల మీద పరిశోధన చేసే హర్షిణి అను మేడం ఒకరు నా రెండెకరాల పోడు చెలకకు వచ్చి, గట్టు మీది పసుపుపచ్చ పూల ముందు బోర్లా పడుకుని ఫోటోలు తీసినారు. అది పొద్దుతిరుగుడు జాతిదట. మా గుట్టల మీద తప్ప లోకంలో ఎక్కడా మొలవదట. మా మేకలు కూడా ముట్టని మొక్క అది. దాని కోసమే వచ్చినారంటే నేను నమ్మలేదు.

2. నా భార్య కాళి "గిది పీకితే ఏమైతది మేడం?" అని అడిగింది. "నంబరు వేసినదాన్ని ఎవ్వరూ పీకకూడదమ్మా, ఇది మనందరిది" అన్నది మేడం. నా చెలకలోది అందరిది ఎట్లా అవుతుంది? ఇవాళ పువ్వు, రేపు గట్టు, ఎల్లుండి చెలక.

3. పదిహేడు మొక్కలకు ఒక్క పూటలో పదిహేడు రేకు బిళ్లలు కట్టి నంబర్లు వేసినారు. నేను పట్టాకు దరఖాస్తు పెట్టి మూడేండ్లు. నాకు ఏ నంబరూ రాలేదు.

4. అప్పటినుండి ఆ మూల దున్నలేదు. ఎవరో పీకి నేరం నా మీద వేస్తారని రోజూ రెండుసార్లు పోయి చూస్తున్నాను. చుట్టూ ముళ్లకంప వేసినాను. "మన మక్కచేనుకు గూడ గింత కాపలా లేదు" అని కాళి ఎగతాళి చేస్తున్నది.

5. పదిహేడో నంబరు మొక్క వాడిపోతున్నది. నీళ్లు పోస్తే నేనే నాటినానంటారు. పోయకపోతే నేనే చంపినానంటారు. ఏమి చేయవలెనో కాగితం మీద తెలుపగలరు. నోటిమాట వద్దు.

కావున తమరు స్వయంగా వచ్చి, పదిహేడు మొక్కలూ ఉన్నవని సంతకం చేసి, పువ్వు సాకుతో నా చెలక తీసుకోబోమని రాసి ఇవ్వవలెను. నాకు భయంగా ఉన్నది అయ్యా. ఆ చెలక తప్ప మాకు ఏమీ లేదు. ఇది చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుగులోతు దేవ్యా (వేలిముద్ర)
రాసినది: కూతురు భాగ్య, ఇంటర్ రెండో సంవత్సరం

మరొక మనవి: పదిహేడో మొక్క తేరుకున్నది. కాళి నాకు చెప్పకుండా నీళ్లు పోసిందట. నిన్న మా గుడిసె వాకిట్లో కూడా అదే మొక్క ఒకటి మొలిచింది. గింజ గాలికి వచ్చింది, మేము నాటలేదు. దానికి బిళ్ల కట్టడానికి వచ్చినప్పుడు మా గుడిసెకు కూడా ఒకటి కట్టగలరు. నంబరు వేసినదాన్ని ఎవ్వరూ పీకకూడదని మేడమే అన్నది.