దండెం నిండా అంగీలు

ఒరేయ్ తమ్ముడూ, మీ అక్కకేమీ కాలేదు, మా మఠానికీ ఏమీ కాలేదు. మూసేస్తారని పోయిన కార్డులో నేను పెట్టిన శోకాలు మరిచిపో.

ముగ్గురు ముసలి సిస్టర్లూ నేనూ కలిసి ఆసుపత్రి ఎలా నడుపుతామో తేల్చడానికి పెద్ద మదర్ గారు వచ్చారు. నేనూరుకుంటానా? కాలం చేసిన సిస్టర్ల పెట్టెలు తెరిచి, అంగీలన్నీ తడిపి దండెం నిండా ఆరేశాను. ఇరవైమంది ఉన్న ఇల్లులా కళకళలాడిపోయింది. తీరా భోజనాల దగ్గర చూస్తే ఆవిడ కంచం కాక నాలుగే!

ఆవిడ నన్ను తిన్నగా దండెం దగ్గరికి లాక్కెళ్ళారు.

"ఇవన్నీ ఎవరివమ్మా?"

"రాబోయేవాళ్ళవండీ" అనేశాను. నా నోరు నీకు తెలుసుగా.

ఆవిడ నవ్వలేదు. ఒక అంగీ తీసి ఒంటికి ఆనించి చూసుకున్నారు.

"ఇది నాకు సరిపోతుంది. వచ్చే ఏడు పదవి దిగిపోతాను. సూదిమందు వెయ్యడం ఇంకా మర్చిపోలేదు. నా మంచం ఎక్కడేస్తావు?"

అప్పటికప్పుడు పరుగెత్తి కిటికీ పక్క మంచం దులిపేశాను.

నీ మోకాలు ఎలా ఉంది? మరదలు ఇంకా అలిగే ఉందా? తప్పు నీదే అయ్యుంటుంది. బట్టల క్లిప్పులు ఒక డజను పంపు. ఇక తొడిగే మనిషి ఉన్న అంగీ ఆరెయ్యాలి. పిల్లలకు దీవెనలు, నీకు మొట్టికాయ.

మీ అక్క