కోటేశ్వరి కేసు

12 ఫిబ్రవరి 1987, చిలకలూరిపేట

పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో ప్రమాదమని కబురు. ఇన్‌స్పెక్టర్ని కాబట్టి లేబరాఫీసు జీపులో నేనే వెళ్ళాను. తిరిగే షాఫ్టుకి కోటేశ్వరి అనే పిల్ల జడ చుట్టుకుంది. జడతో పాటు నెత్తిమీది చర్మం ఊడొచ్చేసింది. పదేళ్ళు నిండాయో లేదో. పత్తి మీద అంత రక్తం... మిషను ఆపనే లేదు.

మేనేజరు ఒకటే మాట— "మా కూలీ కాదు మేడమ్. వాళ్ళమ్మకి అన్నం తెచ్చింది, అంతే."

తల్లి నాగమ్మ పక్కనే ఉంది. మేనేజరు వైపు చూసి తల దించుకుంది.

13 ఫిబ్రవరి

గుంటూరు పెద్దాసుపత్రి. కట్టు మారుస్తుంటే పిల్ల అరుపులు వరండా దాకా. నాగమ్మ నోట్లో కొంగు కుక్కుకుని గోడకి తల బాదుకుంటోంది. "పిల్లని కూడా తెస్తేనే నీకు పని అన్నాడమ్మా మేస్త్రీ..."

ఇదే కోర్టులో చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపింది.

16 ఫిబ్రవరి

చెప్పకుండా మిల్లు తనిఖీ. షెడ్డులో అందరూ పెద్దవాళ్ళే. ఇంతలో పత్తి కుప్పలోంచి దగ్గు. చేతులతో తవ్వాను. పిల్లలు— ఒకళ్ళ మీద ఒకళ్ళు. అడుగునున్న పాపకి ఊపిరాడటం లేదు, పెదాలు నల్లబడ్డాయి. నోట్లోంచి పత్తి లాగాను. వీపు మీద చరిచాను, చరిచాను... ఏడ్చింది.

మేస్త్రీ సాంబయ్య నా రెక్క పట్టుకుని తోశాడు. "ఇంట్లో పడుండక నీకెందుకే ఇయ్యన్నీ!" నుదురు తలుపుకి కొట్టుకుంది.

17 ఫిబ్రవరి

నుదుటికి కుట్లు. పోలీసు ఫిర్యాదు ఇచ్చాను. మావారు— "ట్రాన్స్‌ఫర్ పెట్టుకో శారదా." కేసు కాగితాలు ముందేసుకున్నాను.

24 ఫిబ్రవరి

మిల్లు మీద కేసు వేశాను. పధ్నాలుగేళ్ళు నిండనివాళ్ళని ఫ్యాక్టరీలో పెట్టుకోకూడదు— చట్టం సూటిగానే ఉంది. సాక్ష్యానికి మాత్రం ఒక్క తల్లీ ముందుకి రావటం లేదు.

3 మార్చి

సాక్ష్యం చెప్పొద్దని నాగమ్మని కొట్టారు. సాంబయ్య, వాడి మనుషులు. కుళాయి దగ్గర, అందరూ చూస్తుండగా. నేను వెళ్ళేసరికి బురదలో కూర్చుని ఉంది, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. రక్తం ఉమ్మి నా వైపు చూసింది.

"చెప్తానమ్మా కోర్టులో. ఇంక ఇరగటానికేముంది నాకు?"

15 జూన్

కోటేశ్వరిని ఆసుపత్రి నుంచి తెచ్చి సంక్షేమ హాస్టల్లో చేర్చాను. నెత్తికి గుడ్డ. వార్డెన్ గొణిగింది— "మిగతా పిల్లలు జడుసుకుంటారండి." జడుసుకుంటే మీరు దగ్గరుండి ధైర్యం చెప్పండి అన్నాను. గట్టిగానే అన్నాను.

22 జూన్

కోర్టు. నాగమ్మ బోనెక్కింది. షాఫ్టు, జడ, మేస్త్రీ బెదిరింపు— అన్నీ చెప్పింది. మేనేజరు మొహం పాలిపోయింది. నాగమ్మని కొట్టిన కేసులో బెయిలు మీదున్న సాంబయ్య మాత్రం గుమ్మంలో నిలబడి వింటున్నాడు. మధ్యలోనే వెళ్ళిపోయాడు.

23 జూన్

పొద్దున్నే వార్డెన్ ఫోను. నిన్న సాయంత్రం ఎవరో మేనమామనని చెప్పి కోటేశ్వరిని తీసుకెళ్ళాడట. నాగమ్మకి అన్నదమ్ములు లేరు.

పోలీసులకి చెప్పాను. జీపు కోసం చూస్తున్నాను. నాగమ్మ నాతో హాస్టల్‌కి పోదామని ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఉంది, పిల్ల కోసం గాజులు కొనుక్కొచ్చింది... ఆమెకింకా చెప్పలేదు.