నాణెం మీద గీతలు

3 జులై 1988, ఆదివారం

గోదావరక్క దగ్గర నుంచి నాయన నాణెం తెచ్చాను. అమెరికా బంగారం, 1803. ఒక పక్క టోపీ పెట్టుకున్న ఆడమనిషి, ఇంకో పక్క గద్ద. నాయన బొంబాయి మిల్లులో ఉన్నప్పుడు ఒక సేఠ్ ఇచ్చాడట. మీ ఇద్దరిదీ అని చెప్పి, చనిపోయే ముందు అక్క చేతిలో పెట్టాడు. పన్నెండేళ్లు బియ్యం డబ్బాలో దాచింది. బొంబాయిలో చూపిస్తాను, ఒరిజినల్ అయితే చాలా రేర్ అంటున్నారు అని చెప్పాను. తీసుకున్నట్టు చిట్టీ రాసిస్తానంటే, నీకు నాకు చిట్టీ ఏంది తమ్మీ, తీస్కపో అని నవ్వింది.

అమ్మ లేని నన్ను బీడీలు చుట్టి పెంచింది ఈ అక్కే.

4 జులై, పొద్దున 6

కార్ఖానాలో నా పని నేసిన చద్దర్ల చెకింగ్. పిక్ గ్లాస్ అనే చిన్న భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టడం, తప్పు పట్టడం. పదిహేనేళ్లుగా అదే. ఆ గ్లాసే నాణెం మీద పెట్టాను. ఆడమనిషి మొహం మీద సన్నటి గీతలు. పక్కపక్కనే, ఒకే వాటంగా. ఆకురాయి గీతలు. ఎవరో బంగారం గీకారు.

పన్నెండేళ్లు ఎవరి దగ్గర ఉంది?

5 జులై

అశోక్ చౌక్‌లో అక్క ఇంటికి వెళ్లి, బంగారం నువ్వే గీకావా అని అడిగేశాను. కొత్త కోడలు పక్కనే కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. ఆ పిల్ల ముందే. మల్లేశం బావ నా మీదికి చెయ్యెత్తితే అక్కే ఆపింది. గ్లాస్ ఇచ్చి చూడమన్నాను. చూసింది. గీతలైతే ఉన్నయి తమ్మీ, నేను గీకలే అంది. నా గ్లాస్ అబద్ధం చెప్పదన్నాను.

9 జులై

అక్క తన చెవి కమ్మలు పంపింది. బావ గడప మీద పెట్టి, గీకిందానికి గివి వట్టుకొమ్మన్నది అని చెప్పి వెళ్లిపోయాడు. లోపలికి కూడా రాలేదు. కమ్మలు తీసుకున్నాను. ఒప్పుకున్నట్టే కదా.

28 జులై, బొంబాయి స్టేషన్, వెయిటింగ్ రూమ్

బండి వచ్చేలోపు ఇది రాయాలి.

నాణేలు చూసే ఒక పార్సీ ముసలాయన దగ్గరికి వెళ్లాను. ముందు తూకం వేశాడు. పుస్తకంలో ఎంత ఉందో అంతే, ఫుల్ వెయిట్. గీతలు చూపిస్తే నవ్వాడు. ఆ రోజుల్లో బిళ్ల బరువు ఎక్కువైతే నాణేలు కొట్టే మింట్‌లోనే ఆకురాయితో గీసి సరిచేసేవాళ్లట. అచ్చు ఆ తర్వాత, ఆ గీతల మీదే పడిందట. ఒరిజినల్ అనడానికి అదీ ఒక గుర్తేనట. ఇలాంటివి చాలావరకు కరిగించేశారు, మిగిలినవాటిని తోమి, కొక్కెం అతికించి పాడుచేశారు, దీన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు అన్నాడు. అంతా కాగితం మీద రాసిచ్చాడు. ఇంత భద్రంగా దాచింది ఎవరని అడిగాడు.

మా అక్క అన్నాను.

తూకం వేయించాలనే తోచలేదు నాకు. తప్పు కనబడితే చాలు, రిజెక్ట్ అని సంతకం పెట్టేస్తాను. ఛీ, ఏం బతుకు నాది.

30 జులై

అక్క ఇంటికి వెళ్లి కోడల్ని పిలిచి, ఆ పిల్ల ముందే కాగితం చదివాను. కమ్మలు అక్క ముందు పెట్టాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. బీడీ చుట్టడం ఆపలేదు. గా ముసలాయన చెప్పకపోతే నేను దొంగనే కదా తమ్మీ అంది.

ఇంటికొచ్చాక పసిపిల్లాడిలా ఏడ్చాను.

11 ఆగస్టు

కొంతం చౌక్‌లో అక్క ఎదురుపడింది, చూసీ చూడనట్టు వెళ్లిపోయింది.

27 ఆగస్టు, నూలు పున్నం

అక్క వచ్చింది. రాఖీ కట్టింది, నోట్లో పేడా పెట్టింది. పళ్లెంలో నాణెం పెట్టి, నీదే అన్నాను. ముట్టుకోలేదు. వెళ్లబోతూ గడప దగ్గర ఆగింది. సంచి బోర్లించి నా ముందు దులిపింది, కొంగు ముడి విప్పి చూపించింది. నేను పోకముందే మంచిగ చూస్కో తమ్మీ అంది.