స్టాకుహోముకు పోవల్ల

మే 3, ఆదివారం

ఈ డైరీ ఎరువుల అంగడోళ్లు లేవన్న అని నా పేరు రాసి ఇచ్చినారు. ఇన్నాళ్లూ దీంట్లో మేకలు ఈనిన తేదీలు రాసుకుంటాంటి. ఈ పొద్దు నుంచి వేరే రాస్తా.

పొద్దున యేసు గుడికి పోయే ముందర జీవమ్మ గోడ మీది కాలెండరు పేజీ తిప్పింది. సిమెంటు అంగడి కాలెండరు. నెలకొక దేశం ఊరు. పైన రాసినారు: శని, ఆదివారాల్లో చూసి రాదగ్గ ఊర్లు. ఈ నెల స్టాక్‌హోమ్. స్వీడన్ దేశం రాజధాని. బొమ్మలో యాడ చూసినా నీళ్లు. నీళ్ల మధ్య ఎర్ర ఇండ్లు, పసుపు ఇండ్లు.

జీవమ్మ చేతిలో ఖాళీ బిందె. బొమ్మ ముందర శానా సేపు నిలబడింది. "అబ్బ, ఎన్ని నీళ్లో" అనింది. అంతే. కొళాయి కాడికి పోయింది.

పెండ్లయినప్పటి నుంచి ఆమె దేన్నీ చూసి అబ్బ అనలేదు. నన్ను చూసి కూడా.

తీర్మానం: ఈ పేజీ తిప్పేలోపల జీవమ్మను స్టాక్‌హోముకు పిల్చుకపోవల్ల. శనివారం పోయేది, ఆదివారం వచ్చేది. విమానాల స్టేషను మా ఓర్వకల్లులోనే ఉండాది. మా మేకలు మేసే గుట్ట మీదనే విమానం ఎగురుతాది. ఇంగ అడ్డమేముండాది?

సాయంత్రం అడుగుతా!

సాయంత్రం: అడగలేదు. ఆమె జొన్నరొట్టెలు తడ్తాండాది. రొట్టె తట్టేటప్పుడు మాట్లాడిస్తే రొట్టె చిరుగుతాది.

మే 4, సోమవారం

బొమ్మ కింద ఆ ఊరికి ఎందుకు పోవల్లనో వేసినారు. కండ్లద్దాలు పెట్టుకొని చదివినా.

ఊరు పద్నాలుగు దీవుల మీద ఉండాదంట. ఎండాకాలంలో రాత్రి పదికి కూడా వెలుతురంట. కరెంటు పోయినా బాధ లేదు. పాత ఊర్లో గల్లీలు శానా సన్నమంట. ఇంగ ఒక ఓడ ఉండాదంట, పూర్వం మొదటి పయనంలోనే మునిగిపోయింది. దాన్ని పైకి తీసి, ఇల్లు కట్టి, టికెట్టు పెట్టి చూపిస్తారంట. ఇది నాకు అర్థం కాలేదు.

నా కారణం వేరే. కాలెండరోళ్లకు తెలీదు.

ఆడ మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు.

మా ఊర్లో మొగోడు ముందర నడుస్తాడు, పెండ్లాం వెనక. గుడిలో మొగోళ్లు ఒక పక్క, ఆడోళ్లు ఒక పక్క. బస్సులో ఆడోళ్లు ముందర, మేము వెనక. షేరాటోలో ఆడోళ్లు లోపల, నేను డ్రైవరు పక్క ఒక పిర్ర మీద. పెండ్లి నాడు నేను, ఆమె పక్కపక్కన కూర్చున్నాం. ఫోటో తీసే వరకు. మళ్ల కూర్చోలేదు.

విమానంలో అట్ల లేదంట. సీట్లకు నంబర్లంట. అడిగితే పక్కపక్కన ఇస్తారంట.

ఇది ఎవరికీ చెప్పలేను. ఈడ రాస్తాండా.

మే 6, బుధవారం

ఆడికి పోయినాక కొత్తగా ఉండకూడదని పక్కన నడిచేది నేర్చుకుంటాండా.

అంగడికి పోయేటప్పుడు కావాలనే నిదానించినా, జీవమ్మ అందుకుంటాదని. ఆమె కూడా నిదానించింది. నేను ఇంకా నిదానించినా. ఆమె ఇంకా. ఆఖరికి ఇద్దరమూ రోడ్డు మధ్యలో నిలబడిపోయినాం. ఆమె వెనక, నేను ముందర. ట్రాక్టరోడు హారను కొట్టినాడు.

"కాలు నొప్పా?" అనింది జీవమ్మ.

అవునన్నా.

ఇంటికి వచ్చినాక నూనె కాచి మోకాలికి రుద్దింది. నొప్పి లేని మోకాలు. బాగానే ఉండె. అడగడానికి ఇదే సమయం అనుకొని నోరు తెరిచినా. ఆవలింత వచ్చింది. నిద్రపోమనింది.

రేపు తప్పకుండా!

మే 9, శనివారం

స్వీడన్ చలి దేశం. అలవాటు కావల్ల. మధ్యాన్నం గోనెపట్ట తడిపి కప్పుకొని, చన్నీళ్ల కుండ కౌగిలించుకొని పడుకున్నా. శానా సుఖం! ఆ దేశమోళ్లు పెట్టిపుట్టినారు.

మే 10, ఆదివారం

తుమ్ములు. గుడిలో అందరూ కండ్లు మూసుకున్నాక మొదలైనాయి. ఈ ఎండల్లో జలుబేంది లేవన్నా, అని పాస్టరమ్మ ప్రేమజ్యోతి అడిగింది. ఆడోళ్ల పక్క నుంచి జీవమ్మ మెడ సాచి చూసింది.

ఇంట్లో మిరియాల కషాయం ఇచ్చింది. ఇప్పుడు అడుగుదామని గ్లాసు ఎత్తినా. తుమ్మొచ్చింది. కషాయం ఆమె గుడి చీర మీద పడింది.

ఈ పొద్దు వద్దు.

మే 12, మంగళవారం

ఆలోచన చేసినా. పాసుపోర్టుకు పుట్టిన తేదీ కావల్లంట. మా అమ్మ చెప్పింది ఒకటే, నేను పెద్ద గాలివాన వచ్చిన ఏడు కాదు, దాని మర్సటేడు పుట్టినానని. ఆ మాట ఏ ఆఫీసోళ్లు రాసిస్తారు? మళ్ల, నల్లమేక ఈనేటట్టుండాది. మళ్ల, ఆదివారం గుడి గంట కొట్టేది నేనే. మంగళ, బుధవారాల్లో చూసి రాదగ్గ ఊరు అని వేసింటే ఈపాటికి పోయేటోన్ని. తప్పు కాలెండరోళ్లది.

తీర్మానం కొంచెం తగ్గించినా. పోయేది తర్వాత. ముందర ఎట్ల పోవల్లనో ఎవరినైనా అడుగుతా. అడిగితే సగం పోయినట్టే.

మే 13, బుధవారం

టీ అంగడి దాసన్నకు అన్ని బస్సులూ తెలుసు. జనం లేని సమయం చూసి పోయినా.

"దాసన్నా, స్టాకుహోముకు ఎట్ల పోవల్ల?"

దాసన్న టీ వడపోసేది ఆపినాడు. "స్టాకు వచ్చిందా?"

శనివారం పోదామనుకుంటాండా అన్నా. యాడుంది అన్నాడు. శానా దూరం, ఆడ అంతా నీళ్లే అన్నా.

నీళ్లా అని దాసన్న తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. నా టీకి దుడ్లు కూడా తీసుకోలేదు. ఎందుకో. మంచోడు.

మే 14, గురువారం

తలుపు తీసేటప్పటికి ముందర ఉరుకుందప్ప. చేతిలో పొలం పాసుబుక్కు, చంకలో గోతాలు. వాని వెనక వీధి చివరి దాకా జనం. నిలబడలేనోళ్లు లైనులో చెప్పులు పెట్టినారు, రాళ్లు పెట్టినారు.

సంగతి ఇది. సబ్సిడీ శనక్కాయ విత్తనాలు ఈ ఏడు ఇంకా రాలేదు. జనం కాసుకొని ఉండారు. దాసన్న ఊరంతా చెప్పిందేమంటే: స్టాకు హోములో విత్తనాల స్టాకు దిగింది. లోపలికి నీళ్లు చేరినాయి. శనివారం లోపల పంచకపోతే మొలకలొస్తాయి. లేవన్నకు అంతా తెలుసు. హోము అంటే గోడౌనుకు కొత్త పేరంట.

ఉరుకుందప్ప నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమప్పా లేవప్పా, నోరు తెరవవు గానీ కడుపులో ఎంత పెట్టుకున్నావప్పా."

చెప్దామనుకున్నా. అన్ని మొగాలూ ఒక్కసారి నా దిక్కు తిరిగినాయి. తల ఊపినా. నేను కాదని ఊపినా. వాళ్లు అవునని తీసుకున్నారు.

లైనులో మా గోతం కూడా ఉండాది. జీవమ్మ పెట్టింది. మా ఇంటి ముందర లైనులో మా వంతు వీధి చివర. మొగుడు పంచుతాండాడని ముందరికి దూరేది ఆమెకు తెలీదు. ఎండలో నిలబడింది.

మే 15, శుక్రవారం

తెల్లారక ముందే మేకలు తోలుకొని గుట్టకు పోయినా. దాక్కోలేదు. మేకలు మేయవల్ల కదా.

విమానం పోయింది. తల ఎత్తలేదు.

మే 16, శనివారం

ఉరుకుందప్ప మినీ లారీ మాట్లాడుకొని వచ్చినాడు. ఇంగ చెప్పకపోతే పాపం.

కాలెండరు గోడ మీద నుంచి పెరికి, అరుగు ఎక్కినా. ఎత్తి చూపించినా.

"స్టాకుహోము గోడౌను కాదు. ఊరు. ఇదో, ఈ ఊరు. జీవమ్మను పిల్చుకపోదామనుకున్నా."

నా జన్మలో ఇంత పొడుగు మాట మాట్లాడలేదు. ఆమె పేరు నా నోట్లోంచి రావడం కూడా ఇదే మొదలు. ఇంట్లో 'ఇదో' అని పిలుస్తా.

అందరూ నన్ను వదిలిపెట్టి వెనక్కి తిరిగి చూసినారు. జీవమ్మ లైను చివర గోతం పట్టుకొని ఉండాది.

దాసన్న ముందు నవ్వినాడు. ఈ వయసులో హనీమూనాప్పా అన్నాడు. ఇంగ వీధంతా నవ్వింది. ఉరుకుందప్ప ఒక్కడే నవ్వలేదు. కాలెండరు తీసుకొని కండ్ల దగ్గర పెట్టుకొని చూసి తిరిగి ఇచ్చినాడు. ఇన్ని నీళ్లుండి ఇండ్లు కట్టుకున్నారు, వరి వేసుకోక, అని శానా బాధపడి లారీ తిప్పుకొని పోయినాడు.

జీవమ్మ గోతం మడుచుకుంటా నా పక్క నుంచే లోపలికి పోయింది. రాత్రి పప్పులో ఉప్పు లేదు. నేను అడగలేదు.

తీర్మానం రద్దు. స్టాక్‌హోమ్ వద్దు. వీధి చివరికి కూడా వద్దు.

మే 17, ఆదివారం

గంట కొట్టినా. వచ్చినోళ్లంతా ఇంకా పోలేదా అని అడిగినారు. పాస్టరు ప్రయాణంలో ఉండేవాళ్ల కోసం ప్రార్థన చేసినాడు. కండ్లు తెరిచి నన్ను చూసినాడు, ఉండానో పోయినానో అని.

గుడి విడిచినాక జీవమ్మ గేటు కాడ నిలబడి ఉండాది. ఎప్పుడూ నిలబడదు.

ఆ ఊరికి ఎందుకు పోవల్లనుకున్నావు అని అడిగింది. కాలెండరులో ఉండేటివి అప్పజెప్పినా. దీవులు, వెలుతురు, సన్న గల్లీలు, మునిగిన ఓడ.

"మునిగిన ఓడకు టికెట్టా? మన చేన్లో ఎండిన బోర్లుండాయి. ఇల్లు కట్టి టికెట్టు పెడదాం, వాళ్లను రమ్మను."

నేను నవ్వినా. ఆమె నవ్వలేదు. "అవి కాలెండరోళ్లవి. నీది చెప్పు."

చెప్పుల దిక్కు చూసుకుంటా చెప్పినా. "విమానంలో పక్కపక్కన కూర్చోవచ్చంట."

జీవమ్మ కొంగు సర్దుకుంది. మళ్ల సర్దుకుంది.

"దానికి అంత దూరం యాలయ్యా" అనింది.

ఆటోను ఆమే ఆపింది. నేను అలవాటుగా డ్రైవరు పక్కకు పోతాంటే చొక్కా పట్టుకొని లాగింది. వెనక కూర్చున్నా. ఆమె పక్కన. పాస్టరమ్మ చూసింది. చూడనీ.

ఓర్వకల్లు రాక్ గార్డెనుకు పోయినాం. యాడాడి నుంచో వచ్చి చూసిపోతారు. మేము పక్కనే ఉండి ఎప్పుడూ పోలేదు, రాళ్లకేం పోయేదని. లోపల రాళ్ల మధ్య నీళ్లు ఉండాయి. నీళ్లలో తొక్కుడు పడవలు. ఇద్దరు పక్కపక్కన కూర్చొని తొక్కల్ల. వేరే మాదిరి కుదరదు.

మధ్యలో ఒక కట్టె ఉండాది. మోకాలికి అడ్డమని దాన్ని ఒక పక్కకు తోసి పెట్టినా. ఆ కట్టెతోనే పడవను తిప్పల్లంట. నాకు తెలీదు. ఎంత తొక్కినా పడవ ఒకే చోట గుండ్రంగా తిరిగింది. ఒడ్డున ఉండేటోళ్లు ఫోన్లలో వీడియో తీసినారు. తీసుకోనీ. వాళ్లు మమ్మల్ని గుర్తుపట్టరు.

జీవమ్మ నీళ్లలో చెయ్యి పెట్టి అట్లనే ఉంచింది. చేతిలో బిందె లేదు.

"మోకాలు నొప్పా?" అనింది.

"లేదు. ఆ పొద్దు కూడా లేదు."

"తెలుసు" అనింది.

మే 20, బుధవారం

నల్లమేక ఈనింది. జత. జీవమ్మ ఒకదాన్ని స్టాకు అని, ఇంకోదాన్ని హోము అని పిలుస్తాండాది.

శనక్కాయ విత్తనాలు నిజంగానే వచ్చినాయి. లేవప్ప ముందే చెప్పినాడు గదా అని ఉరుకుందప్ప అందరితో అంటాండాడంట. వచ్చే ఏడు వాన ఎప్పుడు పడుతాదో నన్ను అడగమన్నాడంట.

జూన్ 1, సోమవారం

జీవమ్మ పేజీ తిప్పింది. కొండలు, మళ్లా నీళ్లు. నార్వే దేశం రాజధాని. పేరు కూడబలుక్కొని చదివింది. "ఓస్... లో."

ఓస్, ఇంతేనా అని బిందె తీసుకొని పోయింది.

కొత్త తీర్మానం! ఓస్లోకు పోవల్ల. ఈ నెలలోనే. దాసన్నను అడగను. చలికి అలవాటు పడను. జీవమ్మను సాయంత్రం తప్పకుండా అడుగుతా.

సాయంత్రం: అడగలేదు. రొట్టెలు తడ్తాండాది. రొట్టె తట్టేటప్పుడు ఆమే అడిగింది, ఓస్లోకు ఎప్పుడని.

శనివారం అన్నా.

"అయితే ఈసారి ఆ కట్టె నేను పట్టుకుంటా" అనింది. రొట్టె చిరగలేదు.